అల్లుడుగారి పేటెంటు

ఆ మధ్య మా టెక్కలి కాలేజీకి పేటెంట్ల మీద అవగాహన కల్పిస్తామని ఒకాయన వచ్చాడు. కోటూ, బూటూ, తెర మీద బొమ్మలూ, ముందు వరసలో ప్రిన్సిపాలుగారూ. ఫిజిక్సు చెప్పి చెప్పి రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాణ్ణి కాబట్టి నేను వెనక వరసలో ఫ్యాను కింద కుర్చీ చూసుకుని కూర్చున్నాను. "దేనికి పేటెంటు ఇవ్వరో ఎవరైనా చెప్పగలరా?" అని అడిగాడాయన. పిల్లలు కిందకి చూశారు, లెక్చరర్లు పైకి చూశారు. నాకేం పట్టిందో, కూర్చున్నచోటి నుంచే మొదలెట్టాను. సేద్యం చేసే పద్ధతికి ఇవ్వరు. తాతముత్తాతల నుంచి వస్తున్న తెలివికి ఇవ్వరు. ప్రకృతిలో ఉన్నదాన్ని చూసి నేనే కనిపెట్టానంటే ఇవ్వరు. తెలిసిన రెండు సామాన్లని పక్కపక్కన పెట్టి తాడు కడితే ఇవ్వరు. దరఖాస్తు పెట్టకముందే ఊరందరికీ చూపించేసినదానికి అసలే ఇవ్వరు. ఆయన మైకు దించి, "సార్, మీరెక్కడ చదివారు?" అన్నాడు.

"కాశీబుగ్గలో. మా బావ దగ్గర," అన్నాను.

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. బావ పోయి అప్పటికింకా ఏడాది కాలేదు.

బావంటే మా పెదనాన్న కూతురి మొగుడు. ఇల్లరికం వచ్చినవాడు. పెదనాన్నకి కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీ, ఉద్దానంలో కొబ్బరి తోటలు, జీడి తోటలు, ఎలక్షన్లొస్తే ఇంటి ముందు జీపులు. మగపిల్లలు లేరు. అందుకని రావివలస వైపు వెతికి, ఐటీఐ చదివి నెమ్మదిగా ఉన్న కుర్రాణ్ణి ఏరి తెచ్చుకున్నాడు. వచ్చిన రోజు నుంచి ఆ కుర్రాడికి పేరు పోయింది. గుమాస్తాకి అల్లుడుగారు, టీకొట్టువాడికి అల్లుడుగారు, పోస్టుమేనుకి అల్లుడుగారు. శుభలేఖల్లో కూడా మావగారి పేరు పెద్దక్షరాల్లో వేసి దాని వెనకాల 'వారి అల్లుడు' అని వేసేవారు. మా ఇంట్లో పిల్లల్ని అడిగితే ఆయన అసలు పేరు ఇప్పటికీ చెప్పలేరు. నేనిక్కడ రాస్తే, ఎవరో కొత్త మనిషి గురించి రాశాడనుకుంటారు మావాళ్ళు. అందుకే రాయడం లేదు.

మా వైపు అల్లుడికి మర్యాద ఎక్కువ. పెదనాన్న ఆ మర్యాదలో ఆరితేరిన మనిషి. "అల్లుడుగారికి పెద్దముక్క ఎయ్యండి." "అల్లుడుగార్ని ఎండలోకి పంపకండి." "ఫ్యాక్టరీ లెక్కలు అల్లుడుగారికెందుకు, పాపం, శ్రమ." ఇంత మర్యాద మీద పడితే ఏ మగాడికైనా ఊపిరాడదు. తిరిగే స్కూటరు ముందు భాగం మీద మావగారి పేరు, ఉండే ఇంటి గేటు మీద మావగారి పేరు, తాగే స్టీలు గ్లాసు మీద చెక్కించిన మావగారి పేరు. ఒకరోజు ఆ గ్లాసు నాకు చూపించి బావ అన్నాడు: "మేస్టారూ, ఈ భూమ్మీద ఒక్క వొస్తువు నా పేరున ఉండాల. ఇది ఫలానావోడిదీ అని నలుగురూ సెప్పుకోవాల. సెంబైనా పర్లేదు."

చెంబు దొరకలేదు కానీ పేటెంటు దొరికింది.

తొంభైల చివర్లో పేపర్లన్నీ పసుపు గురించి గోల పెట్టాయి. మన పసుపుకి అమెరికావాళ్ళు పేటెంటు తీసుకున్నారని, మనవాళ్ళు పోట్లాడి దాన్ని కొట్టేయించారని. ఊళ్ళో అందరూ ఆ వార్త చదివి, పేపరు మడిచి, జీడిపప్పు ధర ఎంతుందో చూసుకున్నారు. బావ మాత్రం ఆ కాగితం పట్టుకుని స్కూటరు మీద టెక్కలి వచ్చి, ఇంకా చెప్పులైనా విప్పకుండా, "మేస్టారూ, అంటే కనిపెట్టినోడి పేరు గవర్మెంటే రాసి పెట్టుకుంటాదా? ఎవుడూ చెరపలేడా?" అని అడిగాడు. ఒకరు కొత్తగా ఒక వస్తువు చేస్తే, అది నిజంగా కొత్తదైతే, పనికొచ్చేదైతే, ఆ పనిలో ఉన్నవాడెవడికైనా చటుక్కున తట్టేది కాకపోతే, కొన్నేళ్ళపాటు దాన్ని ఇంకెవరూ చెయ్యకుండా హక్కిస్తారని చెప్పాను. ఆయన మిగతాదేదీ వినలేదు. "పేరు రాత్తారు కదా?" అన్నాడు.

అది మొదలు. విశాఖపట్నం వెళ్ళినప్పుడు నాచేత పేటెంట్ల చట్టం ఇంగ్లీషు పుస్తకం కొనిపించాడు. ఆదివారం వచ్చిందంటే మా అరుగు మీద ఆయన, నా ఒళ్ళో పుస్తకం. వారానికొక కొత్త వస్తువు కనిపెట్టి తెచ్చేవాడు. నేను చట్టం చదివి దాన్ని చంపేవాణ్ణి. నాకు ఆ పని బాగానే ఉండేది, దాచుకోవడమెందుకు.

మొదట కొబ్బరిచెట్టు మొదట్లో ఉప్పు వేసే పద్ధతి తెచ్చాడు. వ్యవసాయ పద్ధతులకి పేటెంటు లేదని చదివాను. పైగా ఉద్దానం మొత్తం తాతల కాలం నుంచి చేస్తున్నదే అన్నాను. "అందరూ సేత్తన్నారంటే మంచిదనే కదేటి?" అన్నాడు. మంచిదవడం వేరు, కొత్తదవడం వేరు అన్నాను. "అయితే సెడ్డది కనిపెట్టాలా?" అని నా మీద అలిగాడు.

తర్వాత గొడుక్కి టార్చిలైటు కట్టి తెచ్చాడు. గొడుగు గొడుగు పని చేస్తోంది, లైటు లైటు పని చేస్తోంది, రెండూ కలిసి కొత్తగా చేస్తున్న పనేమీ లేదు, కాబట్టి కుదరదన్నాను. గొడుగు వైపూ లైటు వైపూ చూసి, "మీ అక్కా నానూ లాగన్నమాట," అన్నాడు. లోపల కాఫీ కలుపుతున్న మా ఆవిడకి అది వినపడింది, ఆ సాయంత్రానికల్లా ఫోన్లో అక్కకీ వినపడింది.

ఇంకోసారి తను తోడిన నీళ్ళతోనే తను తిరిగే నీళ్ళమోటారు బొమ్మ గీసుకొచ్చాడు, పాత శుభలేఖల వెనకాల. కరెంటు అక్కర్లేదు, డీజిలు అక్కర్లేదు. ప్రకృతి నియమాలకి విరుద్ధమైనవాటిని చట్టం ఒప్పుకోదని, కదలాలంటే ఎక్కడో ఒకచోట ఖర్చు పడాలని ఫిజిక్సు మేష్టరు హోదాలో గట్టిగానే చెప్పాను. "మా మావ కుర్చీలోంచి కదలకుండా ఇంటిల్లిపాదినీ తిప్పుతన్నాడు. అది ఏ నియమం మేస్టారూ?" అన్నాడు. 

పేటెంటు అనే మాట వచ్చిందంటే ఎడంచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేవాడు. ఎవరైనా వింటారని భయం. దాంతో నాకూ వినపడేది కాదు. ఏమిటీ అని అడిగితే చిరాకుపడి, చెయ్యి తీసి, వీధి చివరి దాకా వినపడేట్టు అరిచి చెప్పేవాడు. కాశీబుగ్గ రైలుగేటు దగ్గర టీకొట్టు ముందు నిలబడి లోకానికి జ్ఞానబోధ కూడా చేసేవాడు. "నీ టీలో అల్లం ఎప్పుడేత్తన్నావో ఎవుడికీ సెప్పకు. సెప్పినావంటే సచ్చిపోద్ది," అనేవాడు.

"ఏటి సచ్చిపోద్దండీ?"

"నీ హక్కు."

"అల్లుడుగారూ, అందరూ సూత్తండగానే ఏత్తన్నాను కదండీ."

"అదే నీ కర్మ," అని గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయేవాడు. గేటు పడ్డప్పుడు రైలు కోసం ఆగిన జనానికి ఇదో కాలక్షేపం. ఫ్యాక్టరీల యజమానులు ఆయన వస్తుంటే, "నోరు ముయ్యండర్రా, పేటెంటు వస్తోంది," అని నవ్వుకునేవారు. నేనూ నవ్వేవాణ్ణి. పెదనాన్న నవ్వేవాడు కాదు. "అల్లుడుగారు ఆడుకుంటన్నారు, ఆడుకోనీండి," అనేవాడు. ఆ మాటకి ఊళ్ళోవాళ్ళ నవ్వుకంటే పదునెక్కువ.

ఇంతలో ఒకరోజు అక్క ఫోన్ చేసింది. "నా పాత చీర పట్టికెళ్ళి షెడ్డులో దేనికో కప్పినాడు. ఎల్లి అడిగితే నన్నే బయటికి పొమ్మన్నాడు. నువ్వొచ్చి సూడు, మిషను అంతన్నాడు," అంది. ఎగతాళికి మంచి సరుకు దొరికిందని బయలుదేరాను. ఫ్యాక్టరీ వెనకాల రేకుల షెడ్డు. బావ తలుపు గడియ పెట్టి, కిటికీ మూసి, చీర తీశాడు.

జీడి పనిలో లేనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. జీడిపిక్కలన్నీ ఒక్క సైజులో ఉండవు. కాలితో తొక్కే కటింగు మిషనులో రెండు కత్తుల మధ్య ఎడం మాత్రం ఒకటే. చిన్నపిక్క పెడితే తెగదు, పెద్దపిక్క పెడితే లోపలి పప్పు కూడా రెండైపోతుంది. నిండుపప్పుకున్న విలువ బద్దకి లేదు. పప్పు విరిగితే యజమాని ఆడవాళ్ళ మీద అరుస్తాడు, ఆడవాళ్ళు కత్తిని తిడతారు, కత్తి ఎవర్నీ ఏమీ అనలేక మళ్ళీ విరగ్గొడుతుంది. బావ ఆ కత్తుల వెనక స్కూటరు క్లచ్చి స్ప్రింగులు రెండు పెట్టి, పిక్కని పట్టుకునే చిన్న గిన్నె ఒకటి అతికించాడు. పిక్క ఎంతుంటే ఆ గిన్నె అంత వెనక్కి జరిగేది, అది జరిగినంతే కత్తులు తెరుచుకునేవి. చిన్నదీ పెద్దదీ కలిపి ఒక దోసెడు పిక్కలు ఆయన తొక్కుకుంటూ పోయాడు. ఒక్క పప్పు విరగలేదు.

నేను పుస్తకంలోని అడ్డంకులన్నీ మనసులో ఒకటొకటే తిరగేశాను. సేద్యం కాదు. తాతలనాటిది కాదు. స్ప్రింగూ కత్తీ పక్కపక్కన ఊరికే కూర్చోలేదు, కలిసి కొత్త పని చేస్తున్నాయి. ఎంత వెతికినా చంపడానికి ఏమీ దొరకలేదు. "బావా, దీనికి రావచ్చు," అన్నాను. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఈసారి మాట్లాడ్డానికి కాదు, ఏడుపు కనపడకుండా.

"దరఖాస్తు పెట్టేదాకా ఎవరికీ చూపించకు," అన్నాను.

"నాకా సెప్తన్నారు?" అన్నాడు.

నిజమే, ఆయనకి చెప్పక్కర్లేదు. కానీ కాశీబుగ్గలో కొత్త మిషను కొబ్బరికాయ కొట్టకుండా తిరగదు. పసుపు రాయాలి, బొట్టు పెట్టాలి, నిమ్మకాయ తొక్కించాలి, తోటి ఫ్యాక్టరీలవాళ్ళని పిలిచి భోజనం పెట్టాలి. పిలవకపోతే దొంగ సరుకేదో తెచ్చాడంటారు. పెదనాన్నకి షెడ్డు సంగతి తెలిసింది. మిషను గొప్పతనం ఆయనకి అర్థం కాలేదు కానీ భోజనాల గొప్పతనం బాగా అర్థమైంది. "పూజ సెయ్యకుండా ఇనుము ముట్టుకోకూడదు. పందిరెయ్యండి," అన్నాడు. బావ ఒప్పుకోలేదు. జీవితంలో మొదటిసారి మావగారికి ఎదురుచెప్పాడు. సూపిత్తే సచ్చిపోద్ది మావా అని బతిమాలాడు. పెదనాన్న వాదించలేదు. మర్నాడు ప్రెస్సు నుంచి ఆహ్వానపత్రిక నమూనా తెప్పించి అల్లుడి చేతిలో పెట్టాడు. అందులో అడుగున, చిన్న అక్షరాలే, 'యంత్ర రూపకర్త' అని వేసి బావ పేరు ఉంది. అసలు పేరు. ఇంటిపేరుతో సహా.

బావ ఆ కార్డు పట్టుకుని టెక్కలి వచ్చాడు. "ఒక్క పూటే కదా మేస్టారూ," అన్నాడు.

"ఒక్క పూట చాలు చావడానికి," అన్నాను. చూపిస్తే హక్కు చస్తుందని నువ్వే కదా ఊరంతా తిరిగి చెప్పావు అన్నాను. పుస్తకం తెరిచి ఆ సెక్షను మళ్ళీ చదివి వినిపించాను. ఆయన వినడం లేదు, కార్డు మీద తన పేరున్నచోట వేలితో రాస్తూ కూర్చున్నాడు. ఇంత తెలివితక్కువతనం ఎక్కడైనా ఉంటుందా అని నాకు ఒళ్ళు మండింది.

పందిరేశారు. మైకు పెట్టారు. చుట్టుపక్కల జీడి ఫ్యాక్టరీల యజమానులందరూ ఇస్త్రీ బట్టల్లో వచ్చారు. భోజనానికి ముందు ఒక్కొక్కరూ మిషను దగ్గర ఒంగి చూశారు. ఒకాయన దండం పెట్టడానికని మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. అంత భక్తి ఏమిటా అని చూస్తే చేత్తో స్ప్రింగు పొడుగు కొలుస్తున్నాడు. ఇంకొకాయన తన లేతు మేస్త్రీని చుట్టమని చెప్పి తీసుకొచ్చాడు. బావ గంధం పూసుకుని అందరికీ విడమరిచి చెప్పాడు, ఇక్కడ ఇది, అక్కడ అది. మైకులో మాత్రం, "ఇప్పుడు అల్లుడుగారు స్వయంగా తొక్కి చూపిస్తారు," అన్నారు. మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఫోటో వచ్చింది. మిషను పక్కన పెదనాన్న, ఆయన పక్కన అతిథులు, చివర్న బావ సగం.

ఆ సగం బావని ఆయన లామినేషన్ చేయించాడు.

విశాఖపట్నంలో పేటెంటు దరఖాస్తులు రాసిపెట్టే ఏజెంటు ఉన్నాడంటే ఇద్దరం వెళ్ళాం. ఏసీ గది. బావ సంచీలోంచి అన్నిటికంటే ముందు లామినేషన్ తీసి బల్ల మీద పెట్టాడు, చూసుకో అన్నట్టు. ఏజెంటు చూశాడు. కళ్ళజోడు మార్చుకుని మళ్ళీ చూశాడు.

"బావుందండీ. దరఖాస్తు ఎప్పుడు పెట్టారు?"

"ఇంకా లేదండి. మీ దగ్గరికే ఒచ్చినాం."

"అంటే ఫోటో ముందు, దరఖాస్తు తర్వాత." ఆయన చాలా మర్యాదస్తుడు, నవ్వకుండా ఉండడానికి నీళ్ళు తాగాడు. "మామూలుగా మీ పేటెంటుని కొట్టెయ్యాలంటే అవతలివాళ్ళు ఇలాంటి రుజువు వెతుక్కోవాలండీ. మీరు ప్లాస్టిక్ తొడుగు వేయించి మరీ తెచ్చారు."

ప్రభుత్వం ముందుగా ప్రకటించిన ప్రదర్శనల్లో చూపిస్తే కొంత గడువిస్తారని కూడా చెప్పాడు. బావ ఆశగా, "కొబ్బరికాయ కొట్టడం అందులోకి రాదాండి?" అని అడిగాడు. రాదన్నాడు. బావ లామినేషన్ని వెనక్కి తీసుకుని సంచీలో పెట్టుకోబోయాడు, సంచీ నోరు దొరకలేదు. ఆయన్ని అలా చూడడం నాకు కష్టంగా ఉంది. అప్పటికే కాశీబుగ్గలో ఏ లేతు షాపుకి వెళ్ళినా అవే స్ప్రింగులు, అదే గిన్నె. తయారుచేసుకుంటున్నవాళ్ళు కనీసం పిలిచి ఒక టీ అయినా ఇవ్వలేదు. పందిట్లో తిన్న భోజనం మాత్రం బావుందని చెప్పుకునేవారు.

లేవబోతుంటే ఏజెంటే అడిగాడు: "ఆ రోజు చూపించనిది ఏమైనా ఉందాండీ ఇందులో? తర్వాత మీరు చేసిన మార్పు?"

బావ వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఉందన్నాడు. పూజ తర్వాత ఉక్రోషం కొద్దీ షెడ్డులోనే కూర్చుని, సైకిలు చక్రం పుల్ల ఒకటి వంచి కత్తి కింద పెట్టాడట. కాలు ఎత్తగానే ఆ పుల్ల లేచి, తెగిన పెంకుని రెండువైపులకీ విడదీసి, పప్పుని పక్కన పడేస్తుంది. ఆడవాళ్ళు వేళ్ళు పెట్టి పెంకు చీల్చక్కర్లేదు, పెంకులోని జీడిరసం కారి చేతులు బొబ్బలెక్కవు. నాకు కూడా చెప్పలేదు. అక్కకి కూడా చెప్పలేదు.

ఏజెంటు బొమ్మ గీయించుకుని చూసి, "ఇది వేరండీ. దీనికి పెట్టి చూడొచ్చు. ఎవరికీ చూపించకండి," అన్నాడు. కాగితాల్లో రెండు గళ్ళుంటాయని చెప్పాడు. హక్కుదారు ఎవరు, కనిపెట్టింది ఎవరు. ఖర్చుపెట్టి హక్కు రాయించుకునేవాడు ఎవరైనా కావచ్చు, కంపెనీ అయినా కావచ్చు. కనిపెట్టినవాడి గడిలో మాత్రం కనిపెట్టిన మనిషి పేరే ఉండాలి.

"హక్కుల గడిలో మా మావనే పెట్టండి, పర్లేదు," అన్నాడు బావ. "ఆ రెండోదాంట్లో నా పేరుంటే సాలు. ఎవుడూ చెరపలేడు కదా?"

"చెరపకూడదండీ," అన్నాడు ఏజెంటు. తిరుగు బస్సులో బావ నిద్రపోలేదు. శ్రీకాకుళం దాటాక తన పూర్తి పేరు ఇంగ్లీషులో ఎలా రాస్తే బావుంటుందని అడిగాడు.

ఈసారి పెదనాన్న ఆడుకోనీమనలేదు. మొదటి మిషనుని ఊరందరూ చేసుకుని బాగుపడ్డం చూశాడు కాబట్టి పేటెంటంటే ఏమిటో ఆయనకి ఇప్పుడు మాకందరికంటే బాగా అర్థమైంది. హాల్లో వాలుకుర్చీలో కూర్చుని నన్ను కూడా పిలిపించాడు. బావ, అక్క గుమ్మం దగ్గర నిలబడ్డారు. సోమవారం నన్ను వెంటబెట్టుకుని తనే విశాఖపట్నం వెళ్తానన్నాడు. "రెండు గళ్ళల్లోనూ నా పేరే రాయించు," అన్నాడు నాతో.

"పెదనాన్నా, రెండోది అలా కుదరదు. కనిపెట్టింది బావ."

"ఇనుము ఎవుడిది? షెడ్డు ఎవుడిది? తిన్న కూడు ఎవుడిది? ఇయ్యన్నీ నావైతే కనిపెట్టినోడు ఇంకొకడెలగ అవుతాడు?"

"చట్టం ఒప్పుకోదు."

"సట్టం మనింటికొచ్చి సూత్తాదేటి? అల్లుడుగారు కాదంటారా? అనరు." ఆయన గొంతులో కోపం లేదు. "రేపు పేపరోళ్ళొత్తారు, అడుగుతారు, మాటాడాల. అల్లుడుగారికి ఆ శ్రమ దేనికి?"

 సొంత పెదనాన్న కాకపోతే ఆ కుర్చీ లాగేసి ఉండేవాణ్ణి. అక్క ముందుకొచ్చి, "నాన్నా, అదొక్కటీ ఆయనకి ఒగ్గీ. ఆ మిషను ముందు కూకుంటేనే నా మొగుడు మనిషి లాగ ఉంటన్నాడు," అంది. పెదనాన్న ఆమె వైపు చూడలేదు. అల్లుడి వైపు చూశాడు. బావ తల ఊపి, "అలగే మావా," అన్నాడు. ఇంత పిరికివాణ్ణి నేనెక్కడా చూడలేదనుకుని, అన్నం తినకుండా వచ్చేశాను.

ఆదివారం పొద్దున్న అక్క ఫోన్. "బేగి రా. మీ బావ చీర తీసీసినాడు."

నేను వెళ్ళేసరికి కాశీబుగ్గ గేటు దగ్గర సంత లాగ ఉంది. మూడుచక్రాల తొక్కుడుబండి మీద మిషను. దాని పక్కన బావ, రెండు చేతులూ గాల్లో ఊపుతూ, గొంతు చించుకుని చెప్తున్నాడు. "ఇదిగో, సైకిలు పుల్ల. ఇక్కడ వొంచాల. ఇంత వొంచాల, ఎక్కువ వొంచితే పప్పుకి తగులుద్ది. రాసుకోండి, రాసుకోండి." లేతు మేస్త్రీలు రాసుకుంటున్నారు. టీకొట్టువాడు పొయ్యి వదిలేసి వచ్చాడు. ఫ్యాక్టరీకి పోతున్న ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తొక్కి చూస్తున్నారు. పుల్ల లేచి పెంకు విడిపోయినప్పుడల్లా "ఓలమ్మో!" అంటున్నారు. పేపరు విలేకరిని కూడా ఆయనే పిలిపించాడు. విలేకరి కెమేరా తీసి, "అల్లుడుగారూ, మీరు మిషను ముందుకి రండి. మీ పూర్తిపేరు చెప్పండి," అన్నాడు.

"నా పేరు ఎయ్యక్కర్లేదు," అన్నాడు బావ. "నన్ను కూడా ఎయ్యక్కర్లేదు. పుల్ల బొమ్మ బాగా రావాల. ఎవుడు సూసినా తయారు సేసీగలిగేట్టు ఉండాల. తేదీ మాత్రం తప్పనిసరిగా ఎయ్యి."

అప్పుడు అర్థమైంది నాకు. చట్టం పుస్తకం అన్నేళ్ళు నేను చదివితే, అది బుర్రకెక్కింది ఆయనకి.

పెదనాన్న కారు వచ్చింది. జనం దారి ఇచ్చారు. ఆయన దిగి, మిషనునీ, రాసుకుంటున్నవాళ్ళనీ, కెమేరానీ చూశాడు. అల్లుడుగారూ అనలేదు.

"ఒరే, ఏటి సేసీసినావురా?"

"సెప్పీసినాను మావా. అందరికీ సెప్పీసినాను."

"గుడ్డ కప్పు ముందు! రేపు ఇశాపట్నం ఎల్లాల."

"ఎల్లండి. ఆయన ఒక్కటే అడుగుతాడు, సూపించడం ముందా, దరకాస్తు ముందా అని."

పెదనాన్న నోరు తెరిచి, నా వైపు తిరిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఇక కుదరదు, ఎవరి పేరు మీదా కుదరదు. ఆయన మొహం నల్లబడింది. చెయ్యి ఎత్తి మిషను వైపు చూపిస్తూ, "అయితే ఇదిప్పుడు ఎవుడిదిరా?" అని అరిచాడు.

"ఎవుడిదీ కాదు మావా. మీది కూడా కాదు," అన్నాడు బావ. అని, భయపడి కాలు తీసేసిన ఆడమనిషి వైపు పిక్కల బేసిను జరిపి, "నువ్వు తొక్కమ్మా, ఆగిపోకు," అన్నాడు.